అంటించిన చిత్రమునకు అంటేల?

మొన్న నొక మిత్రుని యింటికి పోయియుంటిమి. ఆయన చదువుకొన్నవాఁడు, సంస్కారాభిమాని, స్త్రీవిద్యను గూర్చి సభలలో గట్టిగా మాటలాడువాఁడు. ముందరి హాలులో బంగారుపూఁత చట్రములో నొక పెద్ద తైలవర్ణచిత్రము వ్రేలాడుచుండెను. నదీతీరము, తాటిచెట్లు, పడవ, సూర్యాస్తమయము. అచ్చుపటము నొకదానిని ముందుంచి, కూలి యిచ్చి నకలు వ్రాయించినదని ఆయనయే చెప్పెను. వెనుకటి వసారాలో, బియ్యపుడబ్బాలకు పైని, పొగచూరిన గోడకు మఱియొక పటము కనఁబడెను. అది రవివర్మ ముద్రాలయపు లక్ష్మీపటము. కాని అచ్చు అచ్చుగా విడువఁబడలేదు. దేవి చీరమీఁద నిజమైన పట్టుగుడ్డ కత్తిరించి అంటింపఁబడియుండెను. అంచున నిజమైన జరీ, కిరీటమున చమ్కీలు, హారమున ఆవగింజలంతటి పూసలు. ముఖమును చేతులును మాత్రమే అచ్చులోనివి. గుడ్డమడతలు బొమ్మలోని మడతలను తప్పక అనుసరించుచుండెను. అవి యెచట కలియుచున్నవో కనిపెట్టుటకు మేము పటమునకు ముక్కు తగులునంత దగ్గఱగా పోవలసివచ్చెను.

“అదియా! ఆఁడువారి కాలక్షేపమండీ. ఎవరు చేసిరో కూడ తెలియదు. పాఱవేయుటకు మనసొప్పక ఉంచితిమి” అని మిత్రుఁడు నవ్వెను.

ఆ నవ్వును గూర్చియే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. పరుల పటమును చూచి యున్నదున్నట్లు నకలు తీసినది కళయఁట! అదే పటముపై తన కన్నుతో, తన చేతితో క్రొత్త రూపము కల్పించినది కాలక్షేపమఁట! ఈ తీర్పునకు హేతువేమి? విచారింపఁగా మాకు ఒక్కటే తోఁచుచున్నది. నూనెరంగు గొప్పది, గుడ్డపేలిక తక్కువది. అనఁగా మనము మనుష్యులకు కల్పించిన తారతమ్యములు చాలక, పదార్థములకును కులములు కల్పించితిమి. పాలరాయియు నూనెరంగును పంక్తిలో మొదట కూర్చుండవలెను. కాగితపుముక్క, గుడ్డపీలిక, గవ్వ, పూస, జిగురు వెనుకవసారాలో నిలువవలెను. మనుష్యులకు మనము అంటఁగట్టిన అంటు మహాపాతకము. దానితో దీనిని సరితూఁచు సాహసము మాకు లేదు. కాని రెండింటికిని పుట్టినిల్లు ఒక్కటియే. వస్తువును దాని గుణముచేత కాక, అది వచ్చిన చోటును బట్టి, దానిని ముట్టిన చేతిని బట్టి విలువకట్టుటయే ఆ పుట్టినిల్లు.

ఇట్లు అంటించి కూర్చు చిత్రమునకు ఫ్రెంచివారు కొల్లాజు అని పేరు పెట్టిరి. వారి భాషలో అంటించుట అను క్రియనుండి పుట్టిన మాట యది. రంగుతోపాటు గుడ్డ, త్రాడు, ఆకు, ఛాయాపటము మొదలైన పలు పదార్థములను కలిపి చేసినచో మిశ్రమాధ్యమ మందురు. చరిత్రకారులు తఱచుగా ఈ కథను 1912తో ఆరంభింతురు. ఆ యేఁట పారిసున పికాసో యొక నిశ్చలచిత్రమును వ్రాసి, అందులో పేముకుర్చీ యల్లిక వ్రాయుటకు మాఱుగా ఆ యల్లిక యచ్చువేసిన మైనపుగుడ్డను అంటించి, చిత్రము చుట్టును చట్రమునకు బదులు త్రాడు చుట్టెను. అదే సంవత్సరమున ఆయన మిత్రుఁడు బ్రాక్, కొయ్యచారలు అచ్చువేసిన గోడకాగితమును కొని, కోసి, తన బొగ్గుగీఁతల నడుమ చేర్చెను. అది గొప్ప సాహసమే. కాని కళాచరిత్రలో ఈ పనికి ద్వారము తెఱచినవారు వీరేయనుటకు మేము ఒప్పుకొనము. వారికి నూట నలువదియేండ్లకు ముందే ఒక వృద్ధవితంతువు ఆ ద్వారమున నడచిపోయినది.

ఇంగ్లండులో మేరీ డిలేనీ యను ఆమె 1700లో పుట్టెను. పదునేడేండ్ల ప్రాయమున బంధువులు ఆమెను అఱువది సంవత్సరముల ముసలివానికి కట్టిపెట్టిరి. ఈ కథ మన తెలుఁగువారికి వివరించి చెప్పవలసిన పనిలేదు. కొలది సంవత్సరములకే అతఁడు చనిపోయెను. చాలకాలము తరువాత, 1743లో, ఆమె తన యిష్టముచొప్పున ఐర్లండు మతాచార్యు నొకనిని పునర్వివాహము చేసికొని, ఇరువదియైదేండ్లు సుఖముగా కాపురము చేసినది. 1768లో ఆయనయు గతించెను. 1772లో, డెబ్బదిరెండేండ్ల వయస్సున, ఒకనాఁడు ఆమె బల్లమీఁది యెఱ్ఱకాగితమునకును ప్రక్కనున్న జెరేనియము పువ్వునకును రంగు కలియుట చూచి, కత్తెర తీసికొని ఆ రేకులను కత్తిరించినది. అప్పుడు గదిలోనికి వచ్చిన స్నేహితురాలు వానిని నిజమైన పూరేకులే యనుకొన్నదఁట. అదిమొదలు పదేండ్లు, కన్ను సాగినంతకాలము, నలుపు పూసిన కాగితముపై రంగుకాగితపు తునకలతో ఆమె పువ్వులను కూర్చినది. ఒక్కొక్క పువ్వునకు వందలకొలది తునకలు పట్టినవి కలవు. కొన్నింట నిజమైన ఆకును కూడ చేర్చినది. పువ్వులు మొత్తము వేయికి కొంచెము తక్కువ. నేఁడవి లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నవి. వృక్షశాస్త్రజ్ఞులును వానిని మెచ్చిరి.

ఆ కాలమున పెద్దల తీర్పు ఎట్లుండెనో చూడుఁడు. లండనున 1768లో రాయల్ అకాడమీ స్థాపింపఁబడెను. స్థాపించిన కొలది సంవత్సరములలోనే, సూదిపని, కృత్రిమపుష్పములు, కత్తిరించిన కాగితపుపని, గవ్వలపని తమ ప్రదర్శనమునకు రాకూడదని వారు నిబంధన చేసిరి. ఆ జాబితాను మరల చదువుఁడు. అందులో నున్నవన్నియు ఇంటిలో కూర్చుండి స్త్రీలు చేయు పనులు. అకాడమీ స్థాపకులలో ఇరువురు స్త్రీలుండిరి. వారు తైలవర్ణములు వ్రాయువారు గనుక లోపల నుండిరి. కత్తెర పట్టిన చేతికి మాత్రము తలుపు మూయఁబడెను. మా మిత్రుని హాలునకును వసారాకును నడుమనున్న గోడ ఆ గోడయే.

ఇంకొక దృష్టాంతము. 1918లో జర్మనీదేశపు హన్నా హోక్ అను చిత్రకారిణి తన సహచరుఁడైన రావుల్ హౌస్మనుతో బాల్టికు సముద్రపుటొడ్డున నొక పల్లెలో విడిదిచేసెను. అచటి యిండ్ల గోడలకు సిపాయిల స్మారకపటములుండెను. బొమ్మ యంతయు అచ్చు. తల మాత్రము యుద్ధమునకు పోయిన ఆ యింటి కుఱ్ఱవానిది, ఛాయాపటమునుండి కత్తిరించి అంటించినది. ఛాయాపటములను కోసి కూర్చు కళకు ప్రేరణము తమకు అచటనే దొరకెనని వారు తరువాత చెప్పుకొనిరి. అనఁగా యూరపుఖండమున మిక్కిలి నవీనమనిపించుకొన్న కళకు ఒజ్జబంతి పల్లెటూరి యింటిగోడ! మన నాథద్వారమున గూడ భక్తుల ముఖములను ఛాయాపటములనుండి కత్తిరించి, శ్రీనాథజీ సన్నిధిని నిలిచిన చిత్రించిన దేహములకు అతికించు మనోరథపటములు పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండియే కలవు.

హన్నా హోక్ 1916 మొదలు పదేండ్లు ఒక ప్రచురణాలయమున స్త్రీల కుట్టుపనికి నమూనాలు గీయు ఉద్యోగము చేసెను. పత్రికల ముక్కలు చేతికి దండిగా వచ్చెడి చోటది. 1919-20లో ఆమె చేసిన పెద్ద చిత్రము పేరులో వంటకత్తి యున్నది. నాయకులు, యంత్రములు, నర్తకులు, గుంపులు, ఆ కాలపు జర్మనీ యంతయు ఆ కత్తికి లోఁబడి ముక్కలై మరల కూర్పఁబడియున్నది. క్రింది మూల నొక చిన్న పటము అంటించినది: యూరపున స్త్రీలకు వోటుహక్కు వచ్చిన దేశములను చూపు పటము. జర్మనీ స్త్రీలు మొదటిసారి వోటువేసినది 1919లోనే. అంటించిన యొక ముక్క యెంత మాట చెప్పఁగలదో ఇంతకంటె వేఱు నిదర్శనము కావలయునా?

అయినను 1920లో బెర్లినున జరిగిన డాడా ప్రదర్శనమున ఆమెకు చోటిచ్చుటకు తోడి చిత్రకారులలో కొందఱు అడ్డుచెప్పిరి. ఆమె లేనిచో నేనును లేనని హౌస్మను పట్టుపట్టిన తరువాతనే చోటు దొరకెను. పాతలోకమును పడఁగొట్టుదుమని కేకలువేసిన వీరులు వారు! తరువాత చాలకాలమునకు ఆ బృందములోని యొకఁడు జ్ఞాపకములు వ్రాయుచు, డబ్బులేని దినములలో ఆమె రొట్టెలును కాఫీయును ఎట్లో సమకూర్చెడిదని మెచ్చుకొనెను. అందఱకు వడ్డించిన చేయి జ్ఞాపకమున్నది. చిత్రము కూర్చిన చేయి జ్ఞాపకము లేదు. సభలో సంస్కర్త, ఇంట యజమాని యను జాతి మన దేశమున మాత్రమే పుట్టలేదని చదువరులు గ్రహింతురు గాక.

ఇఁక పూర్వపక్షములను విచారింతము.

పరుల సొత్తు తెచ్చి అతికించుట సృష్టి యెట్లగునని కొంద ఱడుగుదురు. అయ్యా, మీరు అవధానసభలకు పోయినవారే కదా. సమస్యాపూరణమున సమస్యాపాదము పృచ్ఛకునిది. పైకి చూచిన అసంబద్ధముగ నుండును. అవధాని తన పాదములను దానికి ముందు చేర్చి, దాని యర్థమునే తిరుగవేసి, సభ నాశ్చర్యమున ముంచును. పాదము పరులది గనుక పద్యము పరులదని మీరెన్నఁడైన నంటిరా? ఒక మాట రెండర్థముల నిచ్చినప్పుడు శ్లేషయని తలయూపుదుము. చిత్రములో నంటించిన వార్తాపత్రికముక్క వార్తాపత్రికగా నుండుచునే గోడయో, బల్లయో, మనుష్యుని కోటో యైనప్పుడు ఏల తలయూపము? అయితే ఒక మాట. జీవించియున్న చిత్రకారుని చిత్రమును పెద్దముక్కగా తీసికొని, తనదని చెప్పుకొనుట వేఱు. అది శ్లేష కాదు, చౌర్యము.

దీనికి నేర్పు అక్కఱలేదు, పిల్లలాట యని మఱికొందఱు. ఇట్లనువారిని మేము వాదింపము. ఒక సాయంకాలము మూఁడు కాగితపుముక్కలతో కూర్చుండుఁడని మాత్రము వేఁడుకొందుము. జిగురు రాయకముందు వానిని జరిపి చూడుఁడు. చింపిన యంచు మెత్తఁగా కలియును, కత్తిరించిన యంచు కత్తివలె నిలుచును. రెండు ముక్కల నడుమ విడిచిన సందు కూడ ఒక రూపమే. ఏది పైని, ఏది క్రిందను అను నిర్ణయముతో దూరము, దగ్గఱ పుట్టును. మాటీస్ 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగి, నిలిచి వ్రాయ బలముచాలక, రంగు పూసిన కాగితములను మంచముననుండియు చక్రముల కుర్చీనుండియు కత్తిరించి, తన చివరి మహాచిత్రములను కల్పించెను. మన శాంతినికేతనపు వినోదవిహారి ముఖర్జీ 1956-57 ప్రాంతమున చూపు పూర్తిగా కోలుపోయి, కాగితములను కోసి, వ్రేళ్లతో తడిమి, అంటించి చిత్రములు చేసెను. జీవితమంతయు కుంచె పట్టిన యిట్టి మహనీయులు కడపట చేపట్టినదానిని పిల్లలాట యనుటకు ముందు మనము కొంచెము తడవు ఆలోచింపవలదా?

ఇది త్వరగా నశించునని మూఁడవ యాక్షేపణము. ఇందు సత్యమున్నది; మేము దాఁచము. కొయ్యగుజ్జుతో చేసిన వార్తాపత్రికకాగితము ఎండతగిలినచో పసుపుపచ్చనై పొడియగును. పిండిజిగురునకు పురుగు పట్టును. వానకాలపు చెమ్మకు ముక్కలు లేచిపోవును. కాని యిది చేయు విధమునందలి లోపము, కళయందలి లోపము కాదు. లేపాక్షి కప్పుమీఁది చిత్రములును రాలుచున్నవి. కుడ్యచిత్రము కళ కాదని యెవరందురు? రాలుచున్నది గనుకనే కాపాడుదము.

ఇది విదేశీయపు వేలంవెఱ్ఱి యని చివరి యాక్షేపణము. అట్లనువారు ఒకమాఱు చేర్యాల పోవలెను. అచటి నకాషీలు ఖాదీగుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల యంబలి, బంక కలిపి పూఁతపై పూఁత వేసి, ఆపైని బొమ్మలు వ్రాయుదురు. రంపపుపొట్టును చింతగింజలముద్దను కలిపి ముఖములు చేయుదురు. కొండపల్లి బొమ్మకు చేయి వేఱుగా, తల వేఱుగా తెల్లపొణికికొయ్యతో చెక్కి, ఆ పొట్టును చింతగింజపిండిని కలిపిన మక్కుతోనే అతికింతురు. తంజావూరుపటమున కొయ్య, గుడ్డ, సుద్ద, బంగారురేకు, అద్దపురాళ్లు కలిసి యొక్క దేవుఁడగును. లంబాడీస్త్రీ రవికెపై అద్దపుబిళ్లలు, గవ్వలు, పూసలు, నాణెములు ఒక లెక్కప్రకారము కూర్చఁబడును. మన యవ్వలు చినిగిన చీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంతలో ఏ రంగు ప్రక్కను ఏ రంగుండవలెనో వారికి తెలియదనుకొంటిరా? అంటించుటయు అతుకుటయు మనకు విదేశీయములు కావు. దానిని కళ యనుటయే మనకు విదేశీయముగా నున్నది.

ఇంత చెప్పినవారము రెండవ ప్రక్కను విడిచిపెట్టుట న్యాయము కాదు. నేఁడు పట్టణములలో కొందఱు యువకులు ఏ ముక్కనైనను దేనికైనను అతికించి, అర్థమడిగినవానిని మూఢుఁడని యీసడించుచున్నారు. ముక్కలు చేరినంత మాత్రమున చిత్రము కాదు. మాటలు చేరినంత మాత్రమున పద్యమగునా? జర్మనీలో కూర్ట్ ష్విట్టర్సు ట్రాము టిక్కెట్లను, పాఱవేసిన ప్రకటనకాగితములను ఏఱి చిత్రములు చేసెను. తన పద్ధతికి పెట్టిన మెర్జ్ అను పేరు కూడ కొమ్మెర్జ్ అను అచ్చుమాటనుండి కత్తిరించినదే. యుద్ధముచేత లోకము ముక్కలైనది, ముక్కలనుండియే క్రొత్తది కట్టవలెనని ఆయన తలంపు. 1937లో నాజీలు ఆయన చిత్రములను భ్రష్టకళ యని వెక్కిరించుటకు ప్రదర్శనమున పెట్టిరి. ఆయన దేశము విడిచిపోవలసివచ్చెను. పరదేశముననే 1948లో మరణించెను. చిల్లరముక్కల వెనుక అంతటి బ్రతుకు బరువున్నది. ఆ బరువు లేనిది వట్టి చెత్త యనుటకు మేము జంకము.

చదువరులారా, ఈ విషయమున ప్రభుత్వమును అకాడమీలను అడుగుటకు ముందు మన యిండ్లలో చేయవలసినది కొంత కలదు. పిల్లలకు చిత్రలేఖనమనఁగా నల్లబల్లమీఁది మామిడిపండును నకలు దింపుటయే యని నేర్పకుఁడు. మొన మొద్దుబాఱిన కత్తెర, పాతపత్రికలు, దర్జీ దుకాణపు పీలికలు, ఎండిన యాకులు ఇచ్చి, ఊరకుండుఁడు. గోధుమపిండియో మైదాపిండియో నీటిలో ఉడికించిన జిగురు చాలును. పుస్తకములు కుట్టువారు పురుగు పట్టకుండ మైలతుత్తము కలుపుదురు. అది విషము, పిల్లల జిగురులో కలుపకుఁడు. ఇంటి పాతఛాయాపటములను, ప్రాఁతపుస్తకములను కోయనీయకుఁడు. నకలు తీయించి, నకలును కోయుఁడు. చేసిన చిత్రమును ఎండకును చెమ్మకును దూరముగా ఉంచుఁడు. మిగిలినవన్నియు మఱచినను, చేసినవారి పేరును సంవత్సరమును వెనుక వ్రాయుట మాత్రము మఱవకుఁడు.

ఈ చివరిమాట యేల యింత గట్టిగా చెప్పుచున్నామో వినుఁడు. ఆ దినమున మేము బయలుదేఱుచుండఁగా మా మిత్రుని మేనత్తగారు వంటయింటి గుమ్మమునుండి పిలిచిరి. ఆమెకు ఎనుబది దాఁటినవి. “నాయనా, ఆ లక్ష్మీదేవిని అంతసేపు చూచితివి. అది మా పెద్దమ్మ చేసినది” అనిరి. ఆ పెద్దమ్మకు ఎనిమిదవయేఁట పెండ్లి, పదవయేఁట వైధవ్యము. తల తీయించిరి, రంగుచీర, పూస, పువ్వు నిషేధించిరి. పెట్టెలో మిగిలిన పెండ్లిపట్టుచీరను ఏమిచేయవలెనో ఎవ్వరును చెప్పలేదు. ఆమె దానిని కొంచెము కొంచెముగా కత్తిరించి, తన మెడలోనుండి తీసిన పూసలతోడ, దేవికి కట్టినది. “తాను కట్టుకొనరాదు గదా, అమ్మవారికైతే ఎవరు వద్దనఁగలరు?” అని మేనత్తగారు ఊరకుండిరి.

మా మిత్రుఁడు చాలసేపు మాటలాడలేదు. బాల్యవివాహములను ఖండించుచు ఆయన చేసిన యుపన్యాసములను మేము పలుమాఱులు వినియున్నాము. ఆ విషయమున ఆయన యింటిలోని యుపన్యాసము ఇన్నాళ్లు బియ్యపుడబ్బాలమీఁద పొగచూరుచుండెను. ఆమె పేరిచట అచ్చువేయుట మర్యాద కాదు గనుక వేయుట లేదు. అత్తగారు చెప్పఁగా మా మిత్రుఁడే తన చేతితో దానిని పటము వెనుక వ్రాసెను. సంవత్సరము ఆమెకును జ్ఞాపకము లేదు.